నలభై మీద నిలిచిన ముల్లు

సహోదరులారా, సహోదరీలారా, ముందు ఒక తప్పు ఒప్పుకుని ఆ తర్వాత దేవుణ్ణి స్తుతిస్తాను. ఎందుకంటే మూడేళ్ళ కిందట ఇదే మందిరంలో, ఇదే మైకు ముందు నిలబడి దేవుడు నా నడుం నొప్పి పూర్తిగా తీసేశాడని సాక్ష్యం చెప్పి, మీరంతా చూస్తుండగా ప్రేమ విందుకి తెచ్చిన బియ్యం బస్తాని ఒక్కణ్ణే ఎత్తి భుజాన వేసుకుని వంటపందిరి దాకా నడిచిన మనిషిని నేనే. ఆ రోజు మీరు కొట్టిన చప్పట్లు నాకింకా వినపడుతున్నాయి. ఆ చప్పట్ల కోసం నేనేం చేశానో ఈ రోజు మీ ముందు పెట్టడానికి వచ్చాను.

కొత్తగా వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి మొదటి నుంచి చెబుతాను. నా పేరు సుందర్రావు, మాది ఉంగుటూరు పక్కన పల్లె. పద్దెనిమిదో ఏట నుంచీ తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ముఠా కూలీని, లారీల్లోకి బస్తాలు ఎక్కించడం దించడం నా పని. మా ముఠాలో ఒక పిచ్చి గొప్ప ఉండేది. ఎవడైనా మోకాళ్ళు వంచి జాగ్రత్తగా బస్తా ఎత్తితే "ఏరా, కోడిపెట్టలా కూర్చుంటున్నావేంటి?" అని నవ్వేవాళ్ళం. కాళ్ళు కర్రల్లా నిలబెట్టి, నడుం దగ్గర వంగి, ఒక్క విసురుతో లేపి భుజాన పడేసుకునేవాడే మొనగాడు. ఆ మొనగాళ్ళలో నేను మొదటివాణ్ణి, ఆ వెక్కిరింతల్లో కూడా నేనే మొదటివాణ్ణి.

నలభై దాటాక ఆ విసురే నన్ను పట్టుకుంది. బస్సులో అరగంట కూర్చుంటే లేవలేను, చెప్పులో వేలు పెట్టుకోవడానికి వంగలేను, మోకాళ్ళూని ప్రార్థన చేస్తే మా ఆవిడ మార్త వచ్చి రెండు చేతులూ పట్టుకుని లేపాలి. డాక్టరు గారు మందులిచ్చి, వ్యాయామాలు నేర్చుకోవయ్యా అంటే, "పొద్దస్తమానం బస్తాలు మోసేవాడికి ఇంకా వ్యాయామం ఏంటండీ, అది కుర్చీలో కూర్చునేవాళ్ళకి" అని నవ్వి వచ్చేశాను. నాకు ఒకరు చెప్పడమేంటన్న పొగరు, సహోదరులారా! నొప్పి నడుంలో ఉందిగానీ జబ్బు అంతకంటే పైన ఉంది.

ఆ రోజుల్లోనే మన సంఘంలో ఉపవాస కూటాలు జరిగాయి. నేను గోడకి ఆనుకుని ఏడుస్తూ ప్రార్థించాను: "తండ్రీ, ఈ నడుం నీ చేతుల్లో పెడుతున్నాను, నన్ను నిలబెట్టు, నిలబెడితే నీ పేరు పదిమందిలో చెబుతాను." అబద్ధం చెప్పను, ఆ సాయంత్రం నొప్పి నిజంగా తగ్గింది. మర్నాడు ఆదివారం నేను చెప్పింది కల్ల కాదు, నేను నమ్మే చెప్పాను. మూడో రోజు మార్కెట్లో ఎప్పటిలాగే విసురుగా బస్తా లేపేసరికి నడుంలో మేకు దిగినట్టయింది, లారీ పట్టుకుని నిలబడిపోయాను. నా అబద్ధం అక్కడ మొదలైంది. మన పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్ళి "అయ్యా, నొప్పి తిరిగొచ్చింది, ఇంకా ప్రార్థన చేయండి" అంటే సరిపోయేది. కానీ అప్పటికే పక్క ఊళ్ళ నుంచి సాక్ష్యం చెప్పమని పిలుపులు వస్తున్నాయి, కుర్చీ వేస్తున్నారు, సుందర్రావు గారూ అంటున్నారు. జన్మలో నన్నెవరూ అలా పిలవలేదండీ.

అలా రెండేళ్ళు తిరిగాను. మైకు ముందుకి వెళ్ళే ముందు రెండు నొప్పి గోలీలు వేసుకోవడం, వెళ్ళి దేవుడు నన్ను బాగు చేశాడని చెప్పడం. మార్త ఒక్కతే నా నిజం ఎరుగును. ఒకసారి నా చొక్కా ఉతుకుతూ జేబులో గోలీల అట్ట తీసి, "ఏవండీ, దేవుడు బాగు చేసింది మిమ్మల్నయితే ఇవి ఎవరికండీ, చొక్కాకా?" అంది. నాకు కోపం వచ్చింది. ఆ కోపంలో ఆమెను అవిశ్వాసురాలివని తిట్టాను. ఆమె ఇక్కడే కూర్చుని ఉంది, ఆ మాటకి మీ అందరి ముందూ క్షమాపణ అడుగుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఒక రోజు మధ్యాహ్నం కొల్లేటికోట నుంచి రూతమ్మ అనే ఒక సహోదరి బస్సులు మారి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆమె భర్త దానియేలు చేపల చెరువుల్లో వల లాగే మనిషి, మేత బస్తాలు మోసే మనిషి, నాలాగే నడుం నొప్పి మనిషి. కొల్లేటి లంకల్లో జరిగిన ఒక కూటంలో నా సాక్ష్యం విన్నాడట. మర్నాడే ఆసుపత్రిలో నేర్పిన వ్యాయామాలు మానేసి, ఇక నాకు నొప్పి లేదు అని చెరువు గట్టు మీద మేత బస్తా ఎత్తాడట, నేను మందిరంలో ఎత్తినట్టు. అక్కడే కూలబడ్డాడు. నాలుగు నెలలుగా మంచం మీదే.

ఆమె నాతో దెబ్బలాడటానికి రాలేదండీ. దెబ్బలాడినా బాగుండేది. మంచినీళ్ళు తాగి, కొంగు సర్దుకుని మెల్లగా అంది: "అన్నయ్య గారూ, ఆయన విశ్వాసం చాలలేదని అందరూ అంటున్నారండి. ఆయనా అదే నమ్ముకుని, దేవుడికి నేనక్కర్లేదు అని గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. ఆ రోజు మీరు ఏమని ప్రార్థించారో ఆ మాటలు నాకు చెప్పండి, ఆయన చేత కూడా అవే చెప్పిస్తాను."

గుమ్మంలో నిలబడి మార్త నా వంకే చూస్తోంది. అప్పుడైనా నిజం చెప్పానా? లేదు. "ప్రార్థన సరే అమ్మా, ముందు ఏలూరు ఆసుపత్రికి తీసుకెళదాం, నేను తోడొస్తాను" అన్నాను. దొంగ తప్పించుకోవడానికి పట్టిన దారి అది. ఆ దారిలోనే దేవుడు నా కోసం కాచుకుని ఉన్నాడు!

ఏలూరులో దానియేలుకి ఎక్స్‌రేలు తీసి, ఆపరేషన్ అవసరం లేదు, పద్ధతిగా వ్యాయామం చేయించాలి అని డాక్టరు గారు ఫిజియోథెరపీ గదికి పంపారు. అక్కడ శారద గారని ఒక అమ్మాయి, మెత్తగా మాట్లాడుతుంది కానీ కన్ను మాత్రం చురుకు. ఆమె ఒక చిన్న గాలి సంచి తెచ్చింది, దానికొక గొట్టం, గొట్టం చివర బి.పి. మిషన్‌కి ఉన్నట్టు అంకెల బిళ్ళ, అందులో ముల్లు. దానియేలు బెదిరిపోయి, "కరెంటు పెడతారా అమ్మా?" అన్నాడు.

"కరెంటు కాదండీ, వట్టి గాలే. ఇది నడుం కింద పెడతాను. మీరు పొట్ట లోపలికి బిగించి కాలు మెల్లగా ఎత్తాలి. నడుం కదలకపోతే ముల్లు నలభై మీదే ఉంటుంది, కదిలితే ముల్లు చెప్పేస్తుంది" అంది.

అయినా అతను భయపడుతుంటే ఆమె నావైపు తిరిగి, "మీరొకసారి పడుకుని చూపించండి బాబాయి గారూ, మీరు చేస్తే ఆయనకి ధైర్యం వస్తుంది" అంది. ఎలా కాదనను? నొప్పి లేని మనిషిని కదా నేను! పడుకున్నాను, మోకాళ్ళు మడిచాను, ఆమె గాలి కొట్టి ముల్లుని నలభైకి తెచ్చింది. కాలు ఎత్తాను. నా మటుకు నా నడుం బల్లకి అంటుకుని తిన్నగా ఉందనే అనిపించింది. ముల్లు మాత్రం సర్రున ఇరవైకి పడిపోయింది.

పక్క బల్ల మీద నుంచి దానియేలు, "అన్నయ్యా, మీకు ముల్లు పడిపోతోందేంటి?" అన్నాడు.

"మీకెన్నాళ్ళ నుంచండీ నొప్పి?" అంది శారద గారు.

"నాకు నొప్పి లేదమ్మా, దేవుడు తీసేశాడు" అన్నాను.

ఆమె వాదించలేదు. "మీకు తిన్నగా ఉన్నట్టే అనిపిస్తుందండీ, అందరికీ అంతే. లోపల నుంచి మనకి తెలియదు, అందుకే ఈ ముల్లు. మళ్ళీ చెయ్యండి" అంది. మళ్ళీ ఎత్తాను, మళ్ళీ పడింది. సహోదరులారా, రెండేళ్ళు ఎన్ని పందిళ్ళలో ఎంతమందిని నమ్మించానో, ఆ వేలెడంత ముల్లుని నమ్మించలేకపోయాను. ఆ బల్ల మీదే కళ్ళు మూసుకుని, "ప్రభువా, నేను వంకరగా ఉన్నాను, నాకే తెలియనంత వంకరగా ఉన్నాను, ఇక దాచలేను, నోరు తెరిచే బలమివ్వు" అన్నాను. లేచి దానియేలు బల్ల దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. నొప్పి మూడో రోజే తిరిగొచ్చిందని చెప్పాను, గోలీల సంగతి చెప్పాను, నా అబద్ధం నమ్మి నువ్వు మంచాన పడ్డావు తమ్ముడూ, నన్ను కొట్టినా సరే అని చెప్పాను.

రూతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడు దానియేలు అన్న మాట నేను చచ్చేదాకా మరచిపోను. "అయితే అన్నయ్యా, నా విశ్వాసం తక్కువై కాదన్నమాట. దేవుడు నన్ను కాదనలేదన్నమాట" అన్నాడు. అని చంటిపిల్లాడిలా ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. కాసేపయ్యాక శారద గారు, "ఏడ్చినా పొట్ట బిగించే ఏడవండి, వ్యాయామం అయినట్టుంటుంది" అంది. ఆ కన్నీళ్ళలోనే అందరం నవ్వాం.

ఆ రోజు నుంచి ఇద్దరం జోడీగా వారానికి రెండుసార్లు ఏలూరు వెళ్ళాం. ఇంటి దగ్గర, పని దగ్గర గుర్తుండటానికి ఆమె మా నడుం మీద, వెన్నెముకకి అటొకటి ఇటొకటి ప్లాస్టరు పట్టీలు అంటించేది. నడుం గూనిగా వంగిందంటే పట్టీ చర్మాన్ని లాగి చురుక్కుమనిపిస్తుంది, వెంటనే మోకాళ్ళు వంచాలని గుర్తొస్తుంది. మార్కెట్లో కుర్రాళ్ళు "బాబాయి పగిలిపోయాడర్రా, అతుకేశారు" అని నవ్వారు. కోడిపెట్ట మాట కూడా నాకు తిరిగొచ్చింది, నేను విత్తిందే కదండీ. ఇంట్లో అయితే మార్తే నా ముల్లు. బిందె ఎత్తబోతే "ఏవండీ, ఇరవైకి పడిపోయారు" అనేది. ఒకప్పుడైతే ఆ మాటకి ఇల్లు ఎగిరిపోయేది. ఇప్పుడు మోకాళ్ళు వంచి మళ్ళీ ఎత్తడం నేర్చుకున్నాను. నాకు జరిగిన పెద్ద అద్భుతం అదేనని మా ఆవిడ సాక్ష్యం!

ముల్లు ముందు దానియేలుకే నిలిచింది. తర్వాత రెండు వారాలకి ఒక ఉదయం శారద గారు నన్ను కళ్ళు మూసుకుని కాలు ఎత్తమంది, ఎత్తాను, ఇప్పుడు కళ్ళు తెరవండి అంది. తెరిచి చూస్తే ముల్లు నలభై మీద, గోడకి కొట్టిన మేకులా నిలబడి ఉంది. స్తోత్రం అని ఎంత గట్టిగా అరిచానంటే పక్క గదిలో నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది. నిలబెట్టు ప్రభువా అని ఆనాడు అడిగాను కదా, ఆయన నిలబెట్టాడు. నేను అనుకున్న దారిన కాదు, నన్ను దిద్దే మనుషుల చేత, ఒక గాలి సంచి చేత. దేవునికే మహిమ కలుగును గాక!

ఇప్పుడు నొప్పి అసలు లేదని మళ్ళీ చెప్పను. ఎక్కువ రోజులు ఉండదు, కొన్ని రోజులు పలకరించి పోతుంది. ఈ నెలలో గోలీ ముట్టలేదు, పనికి పోతున్నాను, మోకాళ్ళూని ప్రార్థించి నా అంతట నేను లేస్తున్నాను. దానియేలు మళ్ళీ చెరువు మీదకి వెళుతున్నాడు, ఈ రోజు కొల్లేటికోట నుంచి వచ్చి రూతమ్మతో కలిసి ఆ రెండో వరసలో కూర్చున్నాడు. నేను సాక్ష్యం చెప్పిన ప్రతి ఊరికీ తిరిగి వెళ్ళి ఈ మాటే చెబుతున్నాను, ఇంకా మూడు ఊళ్ళు మిగిలి ఉన్నాయి, నా కోసం ప్రార్థించండి.

మీలో ఎవరైనా నొప్పి దాచుకుని నవ్వుతూ కూర్చుంటే, అది నడుం నొప్పయినా మనసు నొప్పయినా, సిగ్గుపడకుండా దేవుడితో చెప్పండి, ఆయన మీ దగ్గరికి పంపిన మనిషితో కూడా చెప్పండి. బాగు కాకపోతే విశ్వాసం లేదని ఎవర్నీ అనకండి. మనం ఎక్కడ వంగిపోయామో చూపించేది ఆయనే, చూపించాక చెయ్యి పట్టుకునేదీ ఆయనే, ఆయన్ని నమ్మండి.

ఇక చివరి మాట. బయట రిక్షాలో ప్రేమ విందుకి బియ్యం బస్తా ఉంది, వంటపందిరికి చేర్చాలి. ఒక చివర నేను పట్టుకుంటాను, మోకాళ్ళు వంచి. రెండో చివర పట్టుకోవడానికి ఒకరు రండి. దానియేలూ, నువ్వు కూర్చో తమ్ముడూ, నువ్వు రెండో వరసలో అప్పుడే లేచి నిలబడ్డావేంటి... సరే, రా. ఇద్దరం కలిసే ఎత్తుదాం.