ఒంటితీగతో కట్టిన రేడియో

మా రేడియో పనిలో తీగలు రెండు రకాలు. లోపల ఒకటే లావు రాగికమ్మి ఉండేది ఒంటితీగ. వెంట్రుకల్లాంటి సన్న పోగులు కలిపి పేనింది పోగుల తీగ. నెల్లూరులో నాకు పని నేర్పిన ముసలాయన మొదటి రోజే చెప్పాడు: "కదలని చోట ఒంటితీగ పెట్టు. కదిలే చోట పోగులు పెట్టు. ఇది గుర్తులేకపోతే పోయి గొడ్లు కాసుకో." నాకు బాగా గుర్తుంది. మర్చిపోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. పోగుల తీగంటే నాకు చిరాకు, అంతే.

అది వంచితే వంగి ఉండదు. కోసిన చోట పోగులు విచ్చుకుంటాయి, ఒక్క పోగు పక్కదానికి తగిలిందంటే కొంప మునుగుతుంది. ఒంటితీగ ఎక్కడ వంచితే అక్కడ బుద్ధిగా ఉంటుంది. అరవైల్లో వాకాడులో కొట్టు పెట్టిన కొత్తలో, నేను కట్టిన సెట్టు మూత తీసి వచ్చినవాళ్ళకి చూపించడం నాకు పెద్ద సరదా. లోపల తీగలన్నీ దువ్విన తలలా ఉండేవి. చర్చిలో ఆదివారం బడి పిల్లలకు పాఠాలు చెప్పేది కూడా నేనే కాబట్టి నా మాటకు ఊళ్ళో కాస్త విలువుండేది. రెండూ కలిసి తలకెక్కాయి.

సరస్సు ఒడ్డున చేపల వేట మీద బతికే పల్లె ఒకటి ఉంది. ఆ పల్లె పెద్దలు వచ్చి రేడియో చేసిపెట్టమన్నారు. పాటలకు కాదు, గాలివాన కబురు ముందుగా తెలియాలని. ట్రాన్సిస్టర్లు అప్పుడప్పుడే దొరుకుతున్నాయి. సెట్టు ఒక చెక్కపెట్టెలో, టార్చి సెల్లులు ఆరు ఇంకో చిన్న పెట్టెలో పెట్టి, రెంటినీ మూరెడు తీగతో కలిపాను. ఒంటితీగే వేశాను. ఎటూ భజనగుడి గోడకు మేకు కొట్టి తగిలిస్తారనుకున్నాను. ఎక్కడ పెడతారని నోరు తెరిచి అడగలేదు.

వాళ్ళు దాన్ని గోడకు తగిలించలేదు. ఆ సరస్సులో వేటకు పాడు అనే కట్టుబాటు ఉంది. మంచి చోట వల వేసే వంతు ఇవాళ ఈ ఇంటిదైతే రేపు ఆ ఇంటిది. వంతు లేనివాడు అక్కడ వల తడపకూడదు. రేడియోను కూడా అలాగే పాడుకు పెట్టారు. రోజుకొక ఇల్లు. పొద్దున్నే పెద్ద పెట్టె చంకలో, చిన్న పెట్టె చేతిలో, మధ్యలో నా ఒంటితీగ వంగుతూ లేస్తూ ఇల్లు మారేది. ఎవరి వంతైతే వాళ్ళు సాయంత్రం గాలివాన కబురు విని ఇల్లిల్లూ తిరిగి చెప్పాలి. పాటలు పెడితే సెల్లులు దిగిపోతాయని పాటలు వద్దన్నారు. పాడు సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. రేడియోకూ పాడు ఉంటుందని మాత్రం తట్టలేదు.

కార్తీకంలో ఒకరోజు భార్య పోయిన ఒకాయన వంతు వచ్చింది. ఇంట్లో ఆయనా, కూతురూ ఇద్దరే. సరిగ్గా కబురు వేళకు రేడియో నోరు మూసుకుంది. తట్టాడు, కుదిపాడు, పలకలేదు. వీధిలోకి వచ్చి చెప్పాడు. దానికిది అలవాటేలే, రేపు పలుకుతుందన్నారు అందరూ. తెల్లవారుజామున చీకటితోనే పడవలు వెళ్ళాయి. మధ్యాహ్నానికి గాలివాన విరుచుకుపడింది. అన్నదమ్ములిద్దరు తిరిగి రాలేదు. మూడోరోజు శవాలు దొరికాయి.

ఆ మర్నాడు పెద్దలు సెట్టు మోసుకొని నా కొట్టుకు వచ్చారు. రేడియో పలకని ఆ రోజు పగలు ఆయన కూతురు పాట పెట్టుకుందని పక్కింటివాళ్ళు చెప్పారట.

"పాటలకే సెల్లులు దించేసినాడు. నువ్వు చూసి చెప్పన్నా. అవి దిగుంటే వాడికి పాడు తప్పిస్తాం," అన్నారు.

పాడు తప్పించారంటే ఆ సరస్సులో అతనికి ఇక కూడు లేనట్టే.

వాళ్ళు అరుగు మీద కూర్చున్నారు. నేను లోపల మీటరు పెట్టి చూశాను. ఆరు సెల్లులూ బాగున్నాయి. తీగను వేళ్ళ మధ్య నడిపితే టంకం వేసిన చోటికి అంగుళం దూరంలో మెత్తగా తగిలింది. పైతొడుగు చెక్కుచెదరలేదు. వంగీ వంగీ లోపల కమ్మి రెండు ముక్కలైంది. నేను బయటికి వెళ్ళి, సెల్లులు దిగిపోయాయని చెప్పాను.

భయం వేసింది, అంతకంటే ఏమీ లేదు. రెండు ప్రాణాలు నా మీదికి వస్తాయని భయం. తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు. ఆ తీగ లాగడం తెలిసినవాణ్ణి ఆ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. ఆ సెల్లులు తీసుకొని వాళ్ళు వెళ్ళాక పోగుల తీగా, కొత్త సెల్లులూ వేసి సెట్టు పంపాను, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. ఆ ఆదివారం పిల్లల చేత పది ఆజ్ఞలు వల్లె వేయించాను. అబద్ధసాక్ష్యం దగ్గర కూడా గొంతు తడబడలేదు. అది తలచుకుంటే నా మీద నాకే అసహ్యం.

మాఘంలో ఒక మధ్యాహ్నం ఆయనే నా కొట్టుకు వచ్చాడు. పాడు తప్పించాక చిట్టమూరు వైపు కోతలకు కూలికి పోతున్నాడని విన్నాను. పంచె కొంగు విప్పి ఆరు సెల్లులు నా బల్ల మీద పెట్టాడు. పెద్దలు ఆయన మొహాన కొట్టిన సెల్లులవి. తెలుసుకొని వచ్చాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం బరువు దిగినట్టు కూడా అనిపించింది.

"వీటిని రోజూ ఎండలో పెడతా ఉండానన్నా," అన్నాడు. దిగిన సెల్లుల్ని ఎండబెడితే లేస్తాయని మా వైపు అందరి నమ్మకం. "నిన్న మా పాప టార్చీలో ఏసి చూసింది. బాగా ఎలిగింది."

నేను బల్ల మీద సెల్లుల్ని వరసగా నిలబెట్టాను.

"ఇన్నాళ్ళూ నా తప్పేం లేదని అందరితో కొట్లాడినా. పాప విన్నింది ఒక్క పాటే, దానికే యాడ దిగతాయని. ఆపొద్దు మద్దేనమే ఇట్ట ఎండలో పెట్టుంటే సాయంత్రానికి పలికుండేది గదన్నా? ఆ ఇద్దురూ బతికుండేవాళ్ళు గదా?"

తెగిన తీగముక్క పక్కనే డబ్బాలో ఉంది. చేయి చాపితే అందుతుంది.

"బతికుండేవాళ్ళేమో," అన్నాను.

"అయితే వాళ్ళమ్మకి చెప్పాల," అని సెల్లులు మళ్ళీ కొంగులో కట్టుకొని పల్లె దారి పట్టాడు. మర్నాడు చేపలు అమ్మడానికి వచ్చినవాళ్ళు చెప్పారు. ఆయన ఆ తల్లి కాళ్ళు పట్టుకొని, నీ బిడ్డల్ని చంపింది నేనేనని ఏడ్చాడట.