భద్రయ్యగారు చెట్టెక్కిన ఏడాది

కిందటి వానాకాలంలో మా అమ్మాయి నన్ను కేరళలో ఒక రిసార్టుకు తీసుకెళ్ళింది. చెట్ల మీద కట్టిన గదులవి. అక్కడ కరెంటు లేదనీ, ఫోన్లు పనిచెయ్యవనీ గొప్పగా చెబుతూ ఒకాయన తలుపు తెరిచాడు. వానకు నానిన ఆకుల కప్పు వాసన గుప్పుమంది. నేను గడప దగ్గరే ఆగిపోయాను. ఎత్తు చూసి భయపడ్డాననుకుని అమ్మాయి చెయ్యి పట్టుకుంది. నాకు ఎత్తంటే భయం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి చెట్టు మీది గదిలోనే నెలల తరబడి ఉన్నాను. ఆ గది ఇచ్చిన మనిషి పేరు భద్రయ్యగారు. ఆయన తలపుకొచ్చినప్పుడల్లా గుండె ఒక్కసారి గతుక్కుమంటుంది, ఇన్నేళ్ళ తరవాత కూడా.

అది పందొమ్మిది వందల డెబ్భై ఎనిమిది. కపిలేశ్వరపురం రేవు దాటి వెళ్తే గోదావరి మధ్య ఒక లంక. అక్కడి ఎలిమెంటరీ స్కూలుకు నన్ను టీచరుగా వేశారు. మాది రాజోలు దగ్గర క్రైస్తవుల పేట. మా తాత ఆసాముల దగ్గర పాలేరు, మా నాన్న మిషను బడిలో టీచరు. లంకలో అద్దెకు గది కోసం తిరిగితే ఒక్కరూ పరుషంగా మాట్లాడలేదు. పేరడిగేవారు, కరుణ అని చెప్పేదాన్ని. నాన్నగారి పేరడిగేవారు, యాకోబు అనేదాన్ని. అంతే, ఆ గది వాళ్ళ చుట్టాలకు కావలసి వచ్చేది. ఎంతో మర్యాదగా, అండీ అండీ అంటూనే గుమ్మంలోంచి సాగనంపేవారు. రోజూ అవతలి ఒడ్డు నుంచి పడవలో వచ్చేదాన్ని. గోదావరి పోటెత్తితే పడవ ఉండేది కాదు, బడి మూసి ఉండేది. పిల్లలు తక్కువైతే బడి ఎత్తేస్తారని కూడా పుకారు పుట్టింది.

అలాంటప్పుడు భద్రయ్యగారు బడికి వచ్చారు. అరవై దాటిన మనిషి, భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. స్కూలు కమిటీకి ఆయనే పెద్ద. వయసులో ఉండగా మన్యంలో కలప పని మీద తిరిగి, అక్కడ మంచెల మీద పడుకునే అలవాటు చేసుకున్నారట. ఆ మోజుతో తన ఇంటి పక్క మామిడిచెట్టు కొమ్మల మధ్య తాటి బద్దలు పరిచి, తడికలు కట్టి, తాటాకు కప్పించి గది వేయించారు. చలికాలంలో రాజమండ్రి నుంచి స్నేహితులు వచ్చి ఆ గదిలో సరదాగా రెండు మూడు రోజులుండి వెళ్ళేవారు. అందులో ఉంటారా అని నన్నడిగారు. నా చేతిలో సుద్దముక్క కింద పడిపోయింది. ఊళ్ళో అందరికన్నా పెద్ద ఆసామి, తన అతిథుల గదిలో నన్నుండమంటున్నారు.

చెట్టు మీద మొదటి వారమంతా నాకు అదురుపాటే. గాలి వేస్తే నేల ఊగేది. లాంతరు కొక్కానికి వేలాడుతూ కొట్టుకునేది. ఒక పొద్దున్న లేచేసరికి వాసం మీద పొడవాటి జెర్రిపోతు. కెవ్వున అరిచాను. భద్రయ్యగారు కింద నుంచే చూసి, కదలకండి, దాని దారిన అది పోతుంది అన్నారు. అలాగే పోయింది. స్నానానికి కింద కొబ్బరాకుల దడి, నీళ్ళు గోదావరివి. వంట దడి పక్కన పొయ్యి మీద. కొబ్బరిబోండాలూ, కూరగాయలూ బుట్టలో పెట్టి తాడు లాగమనేవారు. ఒకసారి నేను చేపల పులుసు పెట్టి అదే బుట్టలో కిందికి దించాను. కడుపు బాగాలేదన్నారు. ఇంకోసారి దించితే ఉపవాసమన్నారు. నేను నమ్మాను.

సాయంత్రాలు ఆయన అరుగు మీదా నేను నిచ్చెన మొదటి మెట్టు మీదా కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం. ఆడపిల్లల్ని బడికి పంపడం లేదని నేను దిగులుపడితే, వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి తండ్రుల్ని అడగమన్నారు. ఎదురుగా నిలబడి అడిగితే అబద్ధం చెప్పడం మనిషికి కష్టం అన్నారు. వెళ్ళి అడిగాను. సగం మంది పంపారు. నాకు ఉద్యోగం చెయ్యడం నేర్పింది ఆయనే.

ఒక ఆదివారం ప్రార్థన ముగించుకుని పైన చీర మడత పెట్టుకుంటున్నాను. కింద అరుగు మీద ఆయన అన్నగారి కొడుకూ, మరో ఇద్దరు పెద్దమనుషులూ వచ్చి కూర్చున్నారు. తాటి బద్దల సందుల్లోంచి ప్రతి మాటా పైకి వినిపిస్తోంది.

"ఆ పేట మనిషి మీ నెత్తి మీద కాపరముంటే మేం తలెత్తుకు తిరిగేదెలాగ బాబయ్యా?" అన్నాడు అన్నగారి కొడుకు.

భద్రయ్యగారు తాపీగా జవాబిచ్చారు. "ఇంట్లో పెట్టలేదు కదరా. చెట్టు మీద పెట్టేను. చెట్టుకి మైలేంటి?"

వాళ్ళు తేలిగ్గా నవ్వారు. చేతిలో చీర అలాగే ఉండిపోయింది. ఇన్ని నెలల్లో ఆ ఇంటి గడప ఒక్కసారైనా దాటలేదని అప్పుడు తోచింది. చేపల పులుసు గుర్తొచ్చింది. అతిథి గదిలో ఉంటున్నానని మా నాన్నకు ఎంత సంబరంగా చెప్పానో గుర్తొచ్చింది.

వాళ్ళు వెళ్ళాక కిందికి దిగి, ఆయన ఎదురుగా నిలబడ్డాను. "ఇందాక మీరన్నది నిజమేనాండీ?" అని అడిగాను.

ఏదో ఒకటి చెప్పి సర్దేస్తారనుకున్నాను. వాళ్ళ నోరు మూయించడానికి అలా అన్నానంటారనీ, నేను నమ్మినట్టు తలూపాలనీ కూడా అనుకున్నాను.

"ఆయ్, నిజమేనండి. బడి మూతపడకూడదు, ఇల్లు మైలపడకూడదు. రెండూ దక్కుతాయని చెట్టు చూపించేను."

వాళ్ళతో అన్న మాటకంటే ఈ మాటకే నాకు ఎక్కువ దెబ్బ తగిలింది. తెల్లారగానే పడవకు వెళ్ళిపోతానని చెప్పాను. ఆయన ఆపలేదు.

పొద్దున్నే ట్రంకుపెట్టె మోసుకుంటూ దిగేసరికి నిచ్చెన కింద భద్రయ్యగారు నిలబడి ఉన్నారు. చంకలో పరుపుచుట్ట, చేతిలో మరచెంబు. వెనకాల ఇంటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి.

"మీరు దిగితే నేనెక్కుతానండి. ఇంట్లో మీరుండండి," అన్నారు.

నాకేమీ అర్థం కాలేదు. ఎందుకని అడిగాను.

"రాత్రంతా సిగ్గేసిందండి. అయినా మీతో ఒక కప్పు కింద ఉండే ధైర్యం నాకింకా రాలేదు. అబద్ధమెందుకు చెప్పాలి?"

అంటూనే నిచ్చెన పట్టుకున్నారు. కీళ్ళ నొప్పుల మనిషి, మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి పీల్చుకుంటూ ఎక్కారు. ఇది గౌరవమో, ఇంకో రకం అవమానమో తేల్చుకోలేకపోయాను. రేవులో పడవ వాడు కేకేశాడు. నేను వెళ్ళలేదు. పెట్టె ఎత్తుకుని ఆ ఇంట్లోకి నడిచాను. లోపల గోడకి ఆయన భార్య ఫోటో, కింద ఆరిన దీపం. పెట్టె అక్కడే దించాను.

లంక లంకంతా విస్తుపోయింది. తన ఇంట్లో టీచరమ్మను పెట్టి చెట్టెక్కిన ముసలాయన్ని చూడడానికి పక్క లంకల నుంచి కూడా జనం వచ్చారు. అన్నగారి కొడుకు రాకపోకలు మానేశాడు. మంగలి రాలేదు. బడికి పడవ వాళ్ళ పిల్లలు తప్ప ఎవరూ రాలేదు. భద్రయ్యగారు పైనుంచి దారిన పోయే ప్రతి తండ్రినీ పేరు పెట్టి పిలిచి, పిల్లాణ్ణి ఎందుకు పంపడం లేదని అడిగేవారు. వాళ్ళు మెడ పైకెత్తి, నీళ్ళు నమిలి, చివరికి ఆయన కంట పడకుండా చుట్టు తిరిగి వెళ్ళడం మొదలుపెట్టారు. ఆ చుట్టుదారి బురదలో నడిచీ నడిచీ విసుగెత్తే పిల్లల్ని పంపారేమో అని నాకు అనుమానం. మొత్తానికి బడి నిండింది.

శ్రావణంలో ముసురు పట్టింది. ఆయనకు జ్వరం తగిలింది. అవతలి ఒడ్డు నుంచి వచ్చి ఆయనకు అన్నం వండిపెట్టే మనిషి వరదకు రాలేకపోయాడు. జావ కాచి, గ్లాసు పట్టుకుని నేనే పైకెక్కాను. ఒక మూల కప్పు కారుతోంది. ఆయన తడికకి ఆనుకుని కూర్చున్నారు. గ్లాసు అందించాను. తీసుకున్నారు గానీ నోటి దాకా తీసుకెళ్ళలేదు. జావ తొణికి దుప్పటి మీద పడింది.

"చెయ్యి వణుకుతుందండి టీచరుగారూ," అన్నారు. "జ్వరం వల్లనుకోకండి."

నేను కదల్లేదు. వద్దని గ్లాసు వెనక్కి తీసుకోలేదు, తాగండని బతిమాలలేదు. ఆయన కళ్ళు మూసుకుని, ఆగకుండా అంతా తాగారు. గ్లాసు నా చేతికిచ్చి పెదాలు తుడుచుకున్నారు.

"ఉప్పు తగ్గింది," అన్నారు.

నేను నవ్వబోయాను, ఏడుపొచ్చింది.

జ్వరం తగ్గాక ఆయన చెట్టెక్కలేకపోయారు. అరుగు వెనక గదిలో మంచం వేసుకున్నారు, నేను లోపలి గదిలో ఉన్నాను. బదిలీ అయ్యే దాకా ఒకే పొయ్యి మీద ఇద్దరికీ వండాను. ఉప్పు గురించి రోజూ ఏదో ఒకటి అనేవారు. నేను వెళ్ళిపోయిన కొన్నేళ్ళకు పోయారు. కబురు నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ తరవాత ఎన్నో ఊళ్ళలో పనిచేశాను. కులం పట్టింపు లేదని నవ్వుతూ చెప్పి, కుర్చీ వేసి, కాఫీ ఇచ్చిన ఇళ్ళు చాలా ఉన్నాయి. వాటిల్లో కొన్నింట్లో నేను తాగిన గ్లాసు పెరటి గోడ మీద విడిగా బోర్లించి ఉండడం చూశాను. అడిగితే వాళ్ళు నొచ్చుకునేవారు, లేదనేవారు. నన్ను గౌరవించినవాళ్ళు ఎందరో ఉన్నారు. అవమానించి, ఆ సంగతి నా ముఖం మీదే ఒప్పుకుని, ఆ వయసులో పరుపుచుట్ట చంకన పెట్టుకున్న మనిషి మాత్రం ఆయనొక్కరే. ఆయన్ని నేను పూర్తిగా క్షమించానో లేదో ఇప్పటికీ చెప్పలేను. ఆయన లేని లోటు మాత్రం తెలుస్తూనే ఉంది.