మార్తమ్మ సూది

నిన్న పొద్దున గుంతకల్లు నుంచి అనంతపురం వెళ్లే ప్యాసింజర్లో నా పక్కన ఒక పూలామె కూర్చుంది. ఒళ్లో తడిగుడ్డ కప్పిన గంప. రైలు కదిలాక గుడ్డ తీసి, కనకాంబరాల మధ్య మాచిపత్రి పెట్టి దండ కట్టడం మొదలుపెట్టింది. ఆ వాసన ముక్కుకు తగలగానే కిటికీ రెక్క లేపి ముఖం బయటికి పెట్టాను. "ఏం మేడమ్, ఒంట్లో బాగల్యా?" అని ఆమె అడిగితే బాగానే ఉందన్నాను. పూజకూ జడకూ వాడే ఆకు అది, చాలామందికి పండగ వాసన. నాకు మాత్రం భయం వాసన. ఏడేళ్ల కిందట ఆ ఆకును ఎండబెట్టి, నలిపి, కాగితంలో చుట్టగా చుట్టి, నిప్పంటించి, నా బొడ్డు కింద, ఒంటికి తగలకుండా రెండు వేళ్ల ఎత్తున పట్టుకుని కూర్చున్న మనిషి పేరు మార్తమ్మ. దగ్గరగా తెస్తే కాలుతుంది, దూరం జరిపితే వెచ్చదనం తగలదు. చెయ్యి వణక్కుండా పావుగంట అలాగే పట్టుకునేది.

మార్తమ్మను మీరెవరూ చూసి ఉండరు. గుంతకల్లులోనూ సగం మందికి ఆవిడ 'సూదులమ్మ'గానే తెలుసు. నర్సుగా ముప్పై ఏళ్లు చేసి, రిటైరయ్యాక మద్రాసు వెళ్లి చైనా సూదుల వైద్యం నేర్చుకుని వచ్చింది. ఇంటి ముందుగదిలో ఒక ఇనుప మంచం, ఒక బెంచీ, గోడకు ఒళ్లంతా చుక్కలు పెట్టిన మనిషి బొమ్మ, దాని పక్కనే చర్చి వాళ్లిచ్చిన క్యాలెండరు. ఎక్కువగా మోకాళ్ల నొప్పులవాళ్లు వచ్చేవాళ్లు. నేను వెళ్లింది పిల్లల కోసం. పెళ్లయి ఎనిమిదేళ్లు, అనంతపురంలో రెండుసార్లు ఐవీఎఫ్ చేయించుకుని రెండుసార్లూ పోగొట్టుకున్నాను. మూడోసారే ఆఖరు అని నేనూ, గూడ్సు రైళ్లు నడిపే మా ఆయన శేఖరూ ఒట్టు పెట్టుకున్నంత పని చేశాం. ఈ ఆఖరుసారి ఏదీ వదలకూడదని నా పట్టుదల. సూదుల వైద్యం సంగతి అడిగితే డాక్టరమ్మ, "చేయించుకుంటే చేయించుకోండి. మనసుకు కాస్త నెమ్మదిగా ఉంటుంది. గర్భం నిలవడానికి పనికొస్తుందని మాత్రం నేను గట్టిగా చెప్పలేను" అంది.

నేను బడిలో లెక్కలు చెబుతాను. నాకు గట్టిగా చెప్పేవాళ్లు కావాలి. మొదటిరోజు మార్తమ్మ నన్ను నాలుక చాపమంది. పిల్లలు వెక్కిరించినట్టు చాపాను. అటూ ఇటూ చూసింది. తర్వాత రెండు చేతుల నాడులూ పట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. నాకు ఓపిక నశించింది.

"దీంతో కడుపు నిలుస్తుందా మేడమ్?" అన్నాను.

"నాకు తెలీదు పాపా."

"తెలీకుండా ఎలా వేస్తారు?"

"నీకు నిద్ర లేదు, కడుపులో భయం గడ్డ కట్టుకోని ఉండాది. అది కొంచెం కరుగుతాది. ఆ పని నాకు తెలుసు. బిడ్డ సంగతి నేను చెప్పను. చెప్పేటోళ్లు కావాలంటే వేరే యాడన్నా చూసుకో."

నాకు ఒళ్లు మండింది. లేచి వచ్చేద్దామనుకున్నాను. అప్పుడామె, నన్ను ఆపడానికి కాదు, ఏదో మామూలు కబురులా, వాళ్ల నాయన సంగతి చెప్పింది. వజ్రకరూరు దగ్గర వాళ్లకు చేనుండేది. నీళ్లు చూసే మనిషి వచ్చి, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగి, కాయ నిలబడిన చోట 'ఈడ ఖాయం' అన్నాడట. బోరు వేస్తే దుమ్ము లేచింది. ఇంకో చోట ఖాయమన్నాడు. మళ్లీ దుమ్మే. నాలుగో బోరు తర్వాత చేను పోయింది. "వాడు ఒక్కసారి నాకు తెలీదప్పా అనింటే మా నాయన చేన్లోనే సచ్చింటాడు, కూలికి పోయి కాదు. ఆ మాట నేను ఎవురికీ చెప్పను, ఖాయమని. కోపమొస్తే రావొద్దులే" అంది. నేను మంచమెక్కి పడుకున్నాను. ఎందుకు పడుకున్నానో నాకే తెలియదు. వెంట్రుకంత సన్నటి సూదులు మణికట్ల మీదా, పాదాల మీదా, పొట్ట మీదా పెడుతుంటే చీమ కుట్టినంత కూడా అనిపించలేదు. ఆ రోజు అక్కడే నిద్రపోయాను, సిగ్గు లేకుండా గురక పెట్టి మరీ.

రెండో వారంలో శేఖర్ స్నేహితుడెవరో ఒక డబ్బా పంపాడు. చైనా మూలికల మాత్రలు, గర్భసంచికి బలమట. డబ్బా నిండా చైనా అక్షరాలు, మూత మీద ఒక లావుపాటి పసిబిడ్డ బొమ్మ. రెండు మింగేశాను కూడా. మార్తమ్మ వైద్యం చైనాదే కదా, మెచ్చుకుంటుందని సంబరంగా తీసుకెళ్లి చూపించాను. డబ్బాను తిప్పి తిప్పి చూసి, "ఏముండాదో చదివి చెప్పు" అంది. నాకేం వస్తుంది చదవడం? "నాకూ రాదు. చైనా మందులు నేర్చుకున్నోళ్లు వేరే ఉంటారు, నాకు సూదే వచ్చు. పేరు చదవలేని మందు ఎట్ల మింగినావు పాపా? అవతల ఆస్పత్రిలో అంతంత మందులెక్కిస్తాండారు, ఇది దాంతో కొట్లాడితే? రేప్పొద్దున డాక్టరమ్మకు చూపించు. ఎన్ని మింగినావో కూడా చెప్పు, దాచాకు" అని డబ్బా నా సంచిలో పెట్టింది. డాక్టరమ్మ దగ్గర నాకు చివాట్లు పడ్డాయి. మాత్రలు చెత్తబుట్టలో పడ్డాయి. ఆ రెండు మాత్రలే కొంప ముంచాయేమోనని నేను వారం రోజులు ఏడ్చాను.

ఆ దినాల్లో నేను దేనికి భయపడలేదో చెప్పడం తేలిక. స్కాను గదిలో డాక్టరమ్మ కాస్త ఎక్కువసేపు మాట్లాడకపోతే భయం. అనంతపురం బస్సు గుంతలో పడి ఎగిరితే భయం. మా అత్త వేరేవాళ్ల పిల్లల గురించి మాట్లాడినా భయమే, మాట్లాడకపోయినా భయమే. మా అత్త మంచిదే. నాకోసం ఉపవాసాలుండేది, నేను బరువెత్తకుండా ట్యాంకరు నీళ్ల బిందెలు తనే మోసేది. మాచిపత్రి కాలుస్తారని తెలిసి మాత్రం నొచ్చుకుంది. "దేవునికి పెట్టే పత్రి యాడన్నా కాలుస్తారా? ఆయమ్మ కిరస్తానీ, ఆమెకేం తెలుసు" అని రెండు రోజులు ముఖం మాడ్చుకుంది. మూడో రోజు తనే అంగడికి పోయి రెండు కట్టలు తెచ్చి, "ఎండబెట్టి ఇయ్యమంటావా?" అని అడిగింది. బిడ్డ కోసమంటే దేవుడు కూడా ఏమీ అనుకోడని లెక్క వేసుకుని ఉంటుంది.

ఇక ఆ రోజు సంగతి. ఆస్పత్రివాళ్లు అప్పటికి రోజూ రెండు ఇంజక్షన్లు ఇస్తున్నారు. అందులో సాయంత్రం ఆరింటికి వేసేది ముఖ్యమైనది. అండాలు ముందే విడుదలైపోకుండా ఆపే మందు, టైము తప్పకూడదని డాక్టరమ్మ వందసార్లు చెప్పింది. అది మా ఇంట్లో ఫ్రిజ్‌లో ఉండేది. మందులషాపు కాంపౌండరు ఇంటికొచ్చి వేసి వెళ్లేవాడు. మార్తమ్మ నర్సే అయినా దాన్ని ముట్టుకునేది కాదు. "ఆస్పత్రి మందు ఆస్పత్రి లెక్క, నాది నా లెక్క. రెండూ కలిపితే ఏదన్నా అయినప్పుడు ఎవురికీ తెలీకుండా పోతాది" అనేది. ఆ రోజు నేను అయిదింటికి ఆమె మంచం మీద ఉన్నాను. చేతులకు సూదులు, పొట్ట మీద సూదులు, కదలడానికి లేదు. నా ఫోను మోగింది. మార్తమ్మే ఎత్తింది. అవతల మా అత్త. ఆవిడ గొంతు పెద్దది, నాకూ వినిపించింది.

"సూదైందా మార్తమ్మా?"

"అయిందక్కా, ఇప్పుడే అయింది. ఇంగో అర్ధగంట పండుకుంటాది."

అంతే. మాకు ఇంజక్షనూ సూదే, ఆ సన్నటి చైనా ముల్లూ సూదే. ఏ సూదని మా అత్త అడగలేదు, మార్తమ్మ చెప్పలేదు. నేను మెలకువగా ఉండి విన్నాను, నాకూ తట్టలేదు. నిజం చెప్పాలంటే, ఏదో తేడాగా ఉందని ఒక్క క్షణం అనిపించింది. నోరు తెరిచి అడిగేంతలో ఆ హాయి నన్ను మళ్లీ కిందికి లాగేసింది.

ఆరుకు పది నిమిషాలుండగా ఇంటికి చేరేసరికి తలుపుకు తాళం. ఆదోనిలో వాళ్ల చెల్లెలికి బాగాలేదని కబురొస్తే మా అత్త, నేను మందు వెంట తీసుకెళ్లి నర్సమ్మ చేతే వేయించుకున్నాననుకుని, కాంపౌండరును రావొద్దని చెప్పి, తాళం వేసుకుని రైలెక్కేసింది. ఎప్పుడూ ఇంట్లో ఆమె ఉంటుందని నా దగ్గర తాళంచెవి ఉండేది కాదు. శేఖర్ ఇంజన్ మీద ఉన్నాడు, ఫోను ఆపేసి. ఆదోని రైల్లో ఉన్న అత్తకు ఫోను కలవలేదు. నేను గుమ్మం ముందు కూలబడ్డాను. లోపల ఫ్రిజ్ మోటారు ఆడుతున్న చప్పుడు కిటికీలోంచి వినపడుతూనే ఉంది. మందు అక్కడే, నాలుగడుగుల దూరంలో. ఏం చేయాలో తోచక మార్తమ్మకు ఫోను చేసి, ఏడుపు తప్ప ఏమీ చెప్పలేకపోయాను. ఆమె ఆటోలో వచ్చింది. విషయం అర్థమైన క్షణంలో ఆమె ముఖం పాలిపోవడం నేను చూశాను.  పక్క సందులోంచి నాపరాయి ముక్క తెచ్చి, అరవై ఏళ్ల మనిషి, తాళాన్ని కొట్టడం మొదలుపెట్టింది. వేళ్లు చిట్లాయి. తాళం ఊడేసరికి ఏడు దాటింది. డాక్టరమ్మకు ఫోను చేసి దాచకుండా అంతా చెప్పి, వెయ్యమంటే, ఎన్నడూ ముట్టనన్న ఆ ఇంజక్షన్ తనే వేసింది. "గంట ఆలస్యానికి సాధారణంగా ఏం కాదు" అని డాక్టరమ్మ అంది. 'సాధారణంగా' అన్న ఆ ఒక్క మాట పట్టుకుని నేను మూడు వారాలు నిద్ర లేకుండా గడిపాను.

అండాలు తక్కువే దొరికాయి. ఒక్క పిండం నిలదొక్కుకుంటే లోపల పెట్టారు. పద్నాలుగు రోజుల తర్వాత రక్తపరీక్ష. లేదు.

 మూడో రోజు మా అత్త మొదలుపెట్టింది. "ఆ పొద్దు సూది తప్పింది గదా, అందుకే. ఫోను నువ్వెత్తింటే అయ్యేది కాదు. ఒళ్లు తెలీకుండా ఆడ పండుకోకపోతే ఏం?" రోజుకు పదిసార్లు, గిన్నెలు తోముతూ, బియ్యం ఏరుతూ అదే మాట. నాకూ అదే నిజమనిపించేది. ఈ సంగతి ఎవరు చేరవేశారో గానీ, ఒక మధ్యాహ్నం మార్తమ్మ మా ఇంటికొచ్చింది. ఇచ్చిన మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"అక్కా, అయిందని చెప్పింది నేను. ఏ సూదో చెప్పకుండా చెప్పినా. ముప్పై ఏళ్లు నర్సు పని చేసినదాన్ని, నాకు తెలిసుండాల. తప్పు నాది."

"అయితే నీవల్లే పోయినట్లేనా?" అంది మా అత్త.

"అది నాకు తెలీదు. డాక్టరమ్మకూ తెలీదు. టైముకు వేసింటే నిలిచేదని ఎవురన్నా చెప్తే అబద్ధం చెప్తాండారని అర్థం. కానీ నీకు ఎవురో ఒకరు కావాల గదా అక్కా. నన్ను పెట్టుకో. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నన్ను తిట్టుకో. ఆ పిల్లను వదిలెయ్. మొత్తం పోగొట్టుకున్నది ఆ పిల్లే."

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను అక్కడే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. నేనూ విన్నానని అప్పుడు చెప్పాలి. ఆమె ఒక్కతే కాదు, ఆ గదిలో ఆ మాట విని ఊరుకున్నదాన్ని నేనూ ఉన్నానని చెప్పాలి. నోరు రాలేదు. ఎనిమిదేళ్లుగా మోస్తున్న దాని మీద ఇంకొక్క మాట పడితే తట్టుకోలేననిపించింది. ఆమె మోస్తానంటోంది, మోయనిచ్చాను. మార్తమ్మ గుమ్మం దాటుతూ నా వైపు చూసి, "నిద్ర పడ్తాందా పాపా?" అని మాత్రం అడిగింది. ఆ చూపులో నా సంగతి తెలిసినట్టే ఉంది, తెలియనట్టూ ఉంది.

మేం మళ్లీ ప్రయత్నించలేదు. నా మాట మీద నేనే నిలబడ్డాను. శేఖర్ ఒకసారి అడగబోయి ఊరుకున్నాడు. నిద్ర పట్టకపోతే అప్పుడప్పుడు మార్తమ్మ దగ్గరికి వెళ్లేదాన్ని. సూదులు పెట్టించుకునేదాన్ని, నోటిదాకా వచ్చిన మాటను మింగి వచ్చేదాన్ని. మొన్న ఎండాకాలంలో ఆమె పోయింది. వాళ్ల చర్చిలో వెనక బెంచీ మీద కూర్చుని, మట్టి వేసేదాకా ఉండి వచ్చాను.

ఆ సాయంత్రమే మా అత్త అన్నం ముందు కూర్చుని, ముద్ద కలుపుతూ ఆగి, "ఆ పొద్దు నేను తాళమేసి పోకుండా ఉండింటే..." అంది. ఏడేళ్లలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. ఆనాడు నన్నన్న మాటలన్నీ ఆ తప్పు తనకు తగలకుండా ఉండాలని అన్నవేనని అప్పుడు అర్థమైంది. ఇక ఆగలేకపోయాను.

"అత్తా, మార్తమ్మ ఫోన్లో చెప్పింది నేనూ విన్నాను. మెలకువగానే ఉన్నాను. తేడాగా ఉందనిపించింది కూడా. అడగలేదు. ఆ రోజు ఆమె మన ఇంటికొచ్చి మొత్తం తన మీద వేసుకుంటుంటే కూడా చెప్పలేదు."

మా అత్త కలిపిన ముద్దను కంచం అంచున పెట్టింది. తర్వాత, "నేను మాత్రం ఏ సూదని అడిగినానా?" అంది. అని, ఇంకాస్త పప్పు వెయ్యమని కంచం నా వైపు జరిపింది.

మేమిద్దరం ఆ రోజు నుంచి కాస్త తేలికపడ్డాం. చెప్పడం అంత చిన్న పని అని తెలియక ఏడేళ్లు భయపడ్డాను. ఆ మాట వినాల్సిన మార్తమ్మ మాత్రం అప్పటికి ఒక్క పూట ముందే మట్టిలోకి వెళ్లిపోయింది.