మనకేనా, అందరికా

శామీర్‌పేటలో కరెంటు పోతే మా పరిశోధన గైడు మేడమ్ ముందు పక్కింటి కిటికీ చూసేవారు. "మనకే పోయిందా, అందరికి పోయిందా?" అనేవారు. పాలు విరిగితే గిన్నెను వాసన చూసేవారు. నక్షత్రాల దగ్గరా ఆమెది అదే అనుమానం.

ఒక పెద్ద, వేడి నక్షత్రం వెలుగు వణకడం గ్రాఫులో కనిపించగానే నేను ఆమె ఇంటికి పరుగెత్తాను. అలాంటి నక్షత్రాలు ఒంటి నుంచి గాలిని ఎగజిమ్ముతాయి. ఆ గాలి ముద్దలు ముద్దలుగా లేస్తే వెలుగు నిలకడగా ఉండదు.

"పక్క చుక్క ఏమంటాంది?" అన్నారు మేడమ్. అదీ వణికితే తప్పు మన కెమెరాదే. పక్క నక్షత్రం నిలకడగానే ఉందని చూపించాను.

"గా చుక్కను మాత్రం ఎట్ల నమ్మినవ్?"

నేను నవ్వి, ఆమె ఇచ్చిన చాయ్ అందుకున్నాను. అప్పుడే ఆమె చేతిలోని రెండో గ్లాసు వణికింది.

"లారీ ఏమన్న పోతాందా?" అంటూ కిటికీలోంచి చూశారు. రోడ్డు ఖాళీగా ఉంది. తర్వాత నా గ్లాసు వైపు చూశారు. అందులో చాయ్ కదలడం లేదు.

నా చాయ్ కూడా వణికేలా నేను మెల్లగా చేయి కదిపాను.

ఆమె చాలాసేపు నా గ్లాసునే చూశారు.

"నువ్వు కావాలని ఊపుతున్నవ్ బిడ్డా," అన్నారు.