ఇరవై నిమిషాలంటే ఎంతసేపు?

1974లో నేను విజయవాడ గవర్నరుపేటలో ఒక జాబ్ టైపింగ్ షాపులో పనిచేసేవాణ్ణి. రెండు ఇంగ్లీషు టైప్‌రైటర్లు, ఒక తెలుగు టైప్‌రైటరు, చేత్తో తిప్పే సైక్లోస్టైల్ మిషను, ఇంతే మా సరంజామా. యజమాని వెంకటరత్నం గారు నెమ్మదస్తుడు, దైవభక్తుడు. నేను ఆ రెండూ కాను. సాయంత్రాలు హేతువాద సభల్లో గొంతు చించుకుని, పగలు ఆయన షాపులో అర్జీలు కొట్టేవాణ్ణి. ఆ ఉపన్యాసాల్లో ఏం చెప్పానో ఇప్పుడు ఒక్క ముక్కా గుర్తు లేదు. టైపు కొట్టిన ఒక కాగితం మాత్రం మాటకు మాట గుర్తుంది.

ఆ కాగితం సరోజిని గారిది. ఆమె పటమటలో ఉండేవారు. ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సు. వారానికోసారి మైలవరం వైపు పల్లెలకు వెళ్ళి, అక్కడ పురుళ్ళు పోసే మంత్రసానులకు శుభ్రత నేర్పేవారు. కొడవలితో బొడ్డు కోయడం, దానిమీద పేడ రాయడం, వారం తిరక్కుండా బిడ్డ ధనుర్వాతంతో కొయ్యబారి చనిపోవడం ఆమె చాలాసార్లు చూశారు. చూసిందల్లా ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. దాన్ని నా బల్లమీద పెట్టి, "నాలుగేళ్ళ గొడవండీ ఇది. ఒక్క కాగితంలో సర్దాలి. వచ్చే సోమవారం మైలవరంలో శిక్షణ ఉంది, వంద కాపీలు కావాలి" అన్నారు.

మంత్రసానులకు చదువు రాదు. ఇంట్లో కూతురో కోడలో చదివి వినిపించాలి. నేను ఉత్సాహంగా మొదటి వాక్యంలోనే మూఢాచారాలను దులిపేశాను. ఆమె ఎర్ర పెన్సిలుతో కొట్టేశారు.

"వాళ్ళని తిడితే వాళ్ళు రారండీ. వాళ్ళు రాకపోతే నేనిచ్చే బ్లేడు కూడా పురిటింట్లోకి పోదు."

కోపం వచ్చినా దిగమింగుకున్నాను. ఆమె చెప్పినట్టే కొట్టాను. అందులో ప్రాణం లాంటి వాక్యం ఇది: బ్లేడు, దారం మరిగే నీళ్ళలో 20 నిమిషాలు ఉంచాలి.

ఆ పని ఎలా చేసేవాళ్ళమో ఇప్పటివాళ్ళకు చెప్పాలి. స్టెన్సిల్ అంటే మైనం పూసిన పల్చటి కాగితం. టైప్‌రైటరు రిబ్బను పక్కకు తప్పించి దానిమీద కొడితే, అక్షరం పడినచోట మైనం తెగుతుంది. ఆ స్టెన్సిల్‌ను సైక్లోస్టైల్ మిషను డ్రమ్ముకు తగిలించి హ్యాండిల్ తిప్పితే, తెగినచోటల్లా ఇంకు దిగి కాగితం మీద పడుతుంది. మన అక్షరాలు గుండ్రనివి కాబట్టి తెలుగు స్టెన్సిల్ కొట్టడం ఇంకాస్త సున్నితమైన పని.

సరోజిని గారు వంద కాపీలూ తీసుకుని, ఒకటి ముందుగా ఒక ఊళ్ళో చదివించి చూశారు. బుధవారం మళ్ళీ షాపుకొచ్చి ఆ కాగితం నా ముందు పరిచారు.

"రత్తమ్మ అని మా మంత్రసానుల్లో పెద్దావిడ. వాళ్ళ కోడలు దీన్ని రెండు నిమిషాలని చదివిందండీ."

చూస్తే రెండు పక్కన సున్నా లేదు. నల్లటి బొట్టు ఉంది. కాగితం నిండా అలాంటివే. సున్నాలన్నీ పూడిపోయాయి. ఆ పిల్ల బొట్టును ఇంకు మరక అనుకుంది. రెండు నిమిషాలు మరిగించిన బ్లేడుతో వంద ఇళ్ళలో బొడ్లు కోస్తే ఏమవుతుందో నాకు చెప్పనక్కర్లేకపోయింది.

వెంటనే వెంకటరత్నం గారి మీద పడ్డాను. ఆయన ప్రతి శుక్రవారం మిషన్లన్నిటికీ పసుపు కుంకుమ పెట్టేవారు. "ఈ పొడంతా అక్షరాల గుంటల్లో చేరిందండీ. మీ భక్తి పసిబిడ్డల పీకలమీదికి వచ్చింది. చదువుకున్నవాళ్ళు ఇనప ముక్కకి పూజేంటండీ?" అని అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన తల వంచుకుని విన్నారు.

సరోజిని గారు మాత్రం, "కారణం అదేనని ఎలా తెలిసిందండీ?" అని అడిగారు.

"ఇంకేం ఉంటుంది?"

"మా ఆస్పత్రిలో అయితే ఊహించి మందివ్వం. మిషను అలాగే ఉంచి, ఇదే వాక్యం వెంకటరత్నం గారిని కొట్టమనండి."

కుంకుమ తుడవకుండానే ఆయన కొత్త స్టెన్సిల్ ఎక్కించి ఆ ఒక్క వాక్యం కొట్టారు. డ్రమ్ముకు తగిలించి తిప్పాం. సున్నా ముత్యంలా ఉంది. తర్వాత దాని కిందే నేను కొట్టాను. మళ్ళీ నల్లబొట్టే. స్టెన్సిల్ వెలుతురుకు ఎత్తి చూస్తే, నేను కొట్టిన సున్నాల నడిమి ముక్క మొత్తం తెగి ఊడిపోయి, అక్కడ చిల్లి పడి ఉంది. తప్పు కుంకుమది కాదు, నా వేళ్ళది.

వెంకటరత్నం గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "నేనెప్పట్నుంచో అడుగుదామనుకుంటున్నానయ్యా. నువ్వు కీలు కొడుతున్నావా, దేవుణ్ణి కొడుతున్నావా?" అన్నారు. సరోజిని గారు నవ్వాపుకోలేక గుమ్మం వైపు తిరిగారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

కీలు తేలిగ్గా వేళ్ళ కొసలతో కొట్టడం ఆయన దగ్గర రెండు రోజులు నేర్చుకున్నాను. అంకె తీసేసి ఇరవై అని అక్షరాల్లో పెట్టాను. పొడుగు పేరాలు విరిచి, ఒక్కో పనికి ఒక్కో వరుస ఇచ్చాను. ఈసారి వంద తియ్యకుండా రెండే కాపీలు తీసి, శనివారం ఆమెతోపాటు మైలవరం బస్సెక్కాను.

రత్తమ్మ ఇంటి అరుగు మీద ఆమె కోడలు తడుముకోకుండా చదివింది. నా ఛాతీ ఉబ్బింది. రత్తమ్మ అంతా విని, వక్క కొరుకుతూ అడిగింది.

"అంతా బానే ఉంది బాబూ. ఇరవై నిమిషాలంటే ఎంతసేపు?"

నేను చేతి గడియారం చూపించబోయాను.

"అది నీ చేతికుంది. పురిటింట్లో ఎవరి చేతికుంటది?"

సరోజిని గారి నాలుగేళ్ళ నోటుబుక్కులో ఆ ప్రశ్న లేదు. చివరికి రత్తమ్మే, "అన్నం వార్చేంతసేపు చాలుద్దా అమ్మగారూ?" అంది.

"చూద్దాం, పొయ్యి వెలిగించు" అన్నారు సరోజిని గారు.

ఒక పొయ్యి మీద ఎసరు, పక్కపొయ్యి మీద బ్లేడు, దారం వేసిన గిన్నె. రెండూ తెర్లి మరిగాక ఎసట్లో బియ్యం పోసింది. సరోజిని గారు గడియారం పట్టుకుని కూర్చున్నారు. గంజి వార్చేసరికి ఇరవై రెండు నిమిషాలు. సన్నబియ్యం తొందరగా ఉడుకుతాయేమోనని ఆమె అనుమానపడితే, పక్కింట్లో అవి తెచ్చి మళ్ళీ వండించాం. ఇరవైకి ఒక్క నిమిషం ఎక్కువే వచ్చింది. ఆ పూట ఆ ఇంట్లో అన్నం మిగిలిపోయింది. పచ్చిపులుసు వేసి మాకే పెట్టారు.

ఆదివారం కొత్త స్టెన్సిల్ కొట్టాను. "గిన్నెలో నీళ్ళు తెర్లాకే పక్కపొయ్యి మీది ఎసట్లో బియ్యం పోయండి. అన్నం వార్చేదాకా గిన్నె దించకండి." సోమవారం శిక్షణలో అవే పంచాం. చివర్లో ఎవరేం నేర్చుకున్నారో చెప్పమంటే, రత్తమ్మ లేచి మొదటినుంచి చివరిదాకా వరుస తప్పకుండా చెప్పింది. కాగితం అందని ఒకామెకు తన ప్రతి ఇచ్చేసి, "నువ్వుంచుకో, మీ పిల్ల చదివిపెడతది. నాకు దీంతో పనిలేదు" అంది.

తర్వాత ముప్పై ఏళ్ళు అదే వృత్తిలో ఉన్నాను. రుజువు అడిగే హక్కు నాకుందని సభల్లో నేర్చుకున్నాను. రుజువు చూపించాల్సిన వరుసలో ముందు నేనే నిలబడాలని ఆ వారంలో తెలిసింది. ఎన్నో కాపీలు తీశాను, వాటిని చాలామంది దాచుకున్నారు. నా పనికి దొరికిన మెప్పుల్లో నేను దాచుకున్నది మాత్రం, నాకు దీంతో పనిలేదు అన్న ఆ ముసలమ్మ మాట ఒక్కటే.