పరుగు రాత

చైనాలోని షీయాన్ నగరంలో, దక్షిణపు కోటగోడ లోపల, కుంచెలూ సిరాదిమ్మలూ అమ్మే వీధిలో పాంగ్ షూదె జీవితమంతా దుకాణాల పేరుబల్లలు రాశాడు. భార్య లాన్ పోయాక ఆ పని మానేశాడు. పేట సంఘంవాళ్లు మరీ బతిమాలితే, పింఛనుదారులకు చేతిరాత నేర్పడానికి మాత్రం ఒప్పుకున్నాడు. పాఠం లేని రోజున అతనికి నోరు విప్పే పనే ఉండేది కాదు. మధ్యాహ్నం మటన్ పులుసు అంగడిలో కూర్చుని పులుసులో వేసుకునే గట్టి రొట్టెను గోరంత ముక్కలుగా తుంచుకునేవాడు. నలుగురూ కబుర్లాడుతూ తుంచుకునే రొట్టె అది. ఒక్కడే తుంచితే ఎంతకీ తెమలదు.

తొలి పాఠంలో ‘చలి’ అనే ఒక్క మాటనే రకరకాలుగా రాసి చూపాడు. పాత ముద్రల రాతలో అది ఇంటికప్పు కింద ఎండుగడ్డి చుట్టుకుని కూర్చున్న మనిషి, అడుగున మంచు. కచేరీ గుమాస్తాల రాతలో ఆ మనిషి కనబడడు. అక్షరం అడ్డంగా పరుచుకుని, చివర వానకోయిల తోకలా పైకి లేస్తుంది. నిలువు రాతలో ప్రతి గీతా విడివిడిగా, ఒద్దికగా నిలబడుతుంది. నడక రాతలో ఒక గీత చేయి ఇంకో గీత పట్టుకుంటుంది.

“ఇంకొకటుంది, గీతలన్నీ కలిసిపోయే పరుగు రాత. అది ఇప్పుడు కాదు,” అన్నాడు.

“ఎప్పుడు మాస్టారూ?” అంది నూలుమిల్లులో పనిచేసి రిటైరైన తాన్. “ఈ మోకాళ్లతో నేను నిలబడ్డం నేర్చుకుని, నడక నేర్చుకుని, పరుగెత్తేసరికి నన్ను మోసుకుపోతారు!”

అందరూ నవ్వారు. పాంగ్ నవ్వలేదు.

అతని పరుగు రాత చదవగలిగింది లాన్ ఒక్కతే. పని నుంచి రాగానే వేలు టీలో ముంచి బల్లమీద ఏదో ఒక మాట గీకేవాడు. ఆమె మాటతో పాటు అతని మనసూ చదివేది. “ఏంటి, మళ్లీ ఎవరితోనో తగువు పెట్టుకొచ్చావా?” అనేది. ఎప్పుడూ తప్పేది కాదు. ఆమె పోయాక అతను ఆ రాత జోలికే పోలేదు.

తాన్ మాత్రం వదల్లేదు. ఒక ఉదయం పోరు పడలేక కుంచె అందుకుని ఒక్క విసురుతో రాశాడు. చేయి ఇంకా మరిచిపోలేదు.

“ఇదేం మాట? గొంగళిపురుగా?” అన్నాడు ఒకప్పుడు బస్సు నడిపిన గెంగ్.

“నూడుల్సు జారిపడ్డట్టుంది!” అంది తాన్.

గది గొల్లుమంది. పాంగ్ కాగితం చుట్టి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. అది అతని భార్య పేరు.

ఆ తర్వాతి పాఠానికి అతను పోలేదు. మధ్యాహ్నం పులుసు అంగడిలోకి తాన్ వచ్చి, అడగకుండానే ఎదురుగా కూర్చుని రొట్టె తెప్పించుకుంది.

“నా నోటికి తాళం లేదు మాస్టారూ. ఆ మాటేంటో గెంగ్ భార్య చెప్పింది. మీ ఆవిడతో పాటు పాటలు పాడేదట, ఆమె పాటల పుస్తకంమీద మీరు రాసిన పేరు అలాగే ఉండేదట, గెంగ్ గీసి చూపగానే పోల్చుకుంది. తప్పైపోయింది.”

“తెలియక అన్నావులే చెల్లెమ్మా.”

“అయితే నేర్పండి. ముందు నిలువు రాతే. పడుతూ లేస్తూ నేర్చుకుంటా.”

ఏడాది పైన ఆమె నిలువు గీతలే గీసింది. తిట్లు తింది, తిరిగి తిట్టింది. నడక రాత దాటి, చివరికి ఒక వసంతంలో అతను పరుగు రాతలో రాసిన మాటను గుర్తుపట్టింది.

“వాన! వానే కదూ?”

“వానే.”

ఆమె కాగితంమీదికి వంగింది. “చివర్లో గీత వణికింది. జ్వరమా మాస్టారూ?”

అతనికి జ్వరం లేదు. ఆ వేళ పొద్దుటే గదిలో లాన్ చెప్పులు తీసి పాతబట్టలవాడికి ఇచ్చి వచ్చాడు.

“కాదు. ముసలితనం,” అన్నాడు.

ఆమె సరేనని తన కాగితం ముందుకు లాక్కుంది. అతను వంగి, ఆమె కుంచె పట్టు సరిచేశాడు.