డాక్టరు గారితో కలిదిండి దాకా

ఇరవై రెండేళ్ల వయసులో నాకు టీబీ వచ్చింది. బాగుచేసిన డాక్టరు గారికి సరిగ్గా థాంక్స్ అయినా చెప్పలేదన్న బాధ ముప్పై ఏళ్లుగా మోస్తున్నాను. ఆవిడ ఏలూరులోనే ఉన్నారని ఈమధ్య తెలిసి ఫోన్ చేసి, చీర పట్టుకొస్తానన్నాను.

"చీరలొద్దమ్మా. గురువారం కలిదిండి వెళ్తున్నాను, తోడు రండి," అన్నారు.

తాడేపల్లిగూడెంలో ఆరూ ఇరవై ప్యాసింజర్ ఎక్కాను. టిక్కెట్టు పదిహేను రూపాయలు. కిటికీ పక్కన సీటు దొరికింది గానీ, పూళ్ల దాకా ఒక పూలావిడ బుట్ట నా కాళ్ల మీదే ప్రయాణం చేసింది. ఏడున్నరకి ఏలూరు. డాక్టరు గారు అప్పటికే బస్టాండులో బెంచీ మీద ఉన్నారు. డెబ్బై ఆరేళ్ల మనిషి, భుజాన గుడ్డ సంచీ. ఇడ్లీ తినిపించి గానీ నన్ను బస్సెక్కనివ్వలేదు.

ఇన్ని చదువులుండగా ఊపిరితిత్తులే ఎందుకండీ అని కైకలూరు బస్సులో అడిగాను.

"మా ఇంట్లో తివాచీలు నేసేవారమ్మా. ఉన్ని దుమ్ముకి నాన్న దగ్గుతూనే నేసేవారు. ఆ దగ్గు వింటూ పెరిగాను."

మా వైపు ఛాతీ వైద్యం చదివిన ఆడవాళ్లు అప్పటికి లేరు. అందరూ కాన్పుల డాక్టరువి అవ్వమంటే, ఈవిడ దగ్గేవాళ్ల వార్డు కోరుకున్నారు. మూసి ఉంచే ఆ వార్డు కిటికీలన్నీ తెరిపించిందీ ఆవిడే. ఆ గాలి పీల్చుకుంటూనే నేను కోలుకున్నాను.

కొల్లేరు వంతెన మీద కండక్టరు వచ్చి, "మా అత్తగారికి పూర్తిగా తగ్గిపోయిందండీ," అని ఆవిడకి దణ్ణం పెట్టాడు.

కైకలూరులో ఆటో మాట్లాడుకుని పదింటికి కలిదిండి దగ్గర చేపల చెరువు గట్టు మీది ఇంటికి చేరాం. చెరువులో మేత వేసే పాతికేళ్ల అతను రెండు నెలలు టీబీ మాత్రలు మింగి, దగ్గు తగ్గగానే మానేశాడు. పెళ్లి మాటలు నడుస్తున్నాయట. మాత్రలు ఎవరి కంటైనా పడతాయని భయం. మనిషి మళ్లీ చిక్కిపోతున్నాడు.

డాక్టరు గారు తిట్టలేదు. "మధ్యలో మానేస్తే జబ్బు మొండికేస్తుంది నాన్నా. రేపు ఆస్పత్రికొచ్చి కఫం పరీక్ష చేయించుకో," అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "మీకిష్టమైతేనే చెప్పండమ్మా," అన్నారు.

తోడు ఎందుకు రమ్మన్నారో అప్పుడర్థమైంది. నా జబ్బు సంగతి మా పుట్టింటివాళ్లకీ మా ఆయనకీ తప్ప ఎవరికీ తెలియదు. అయినా చెప్పాను: వార్డు, ఆరు నెలల మాత్రలు, తర్వాత పెళ్లి, ఇద్దరు పిల్లలు. అతను తల వంచుకుని విని, "మేత టైమైందండీ," అని పడవెక్కి వెళ్లిపోయాడు. వాళ్లమ్మ మాత్రం నా నంబరు తీసుకుంది.

నాకు ఉసూరుమనిపించింది. డాక్టరు గారు తిరుగు బస్సులో హాయిగా కునుకు తీశారు.

నాలుగున్నరకి ఏలూరులో రైలెక్కాక గాని గుర్తురాలేదు, థాంక్స్ ఈసారీ చెప్పనేలేదని. దెందులూరు దాటగానే ఫోన్ మోగింది. చెరువు గట్టు మీది తల్లి.

"రేపు పొద్దున్నే ఆస్పత్రికొస్తానంటున్నాడండీ. మీకు పెళ్లయ్యి పిల్లలు పుట్టారన్నది నిజమేనా అని మళ్లీ అడగమంటున్నాడండీ."

పెట్టె కిక్కిరిసి ఉంది. ఆ చప్పుడులో ఆవిడకి వినపడాలంటే అరవాల్సిందే. "నిజమేనండీ! నాకూ టీబీయేనండీ! డాక్టరు గారే బాగుచేశారు. ఇద్దరు పిల్లలు!"

చుట్టూ మాటలు ఆగిపోయాయి. నాకు సిగ్గు వేయలేదు. అంత గట్టిగా అరిచే ఊపిరి నాకిచ్చిన మనిషి తలపుకొచ్చి కళ్లు నిండిపోయాయి.

భీమడోలులో దిగడానికి లేచిన ఎదురు సీటాయన నా పక్కకి వంగి, మెల్లిగా అడిగారు.

"ఆ డాక్టరు గారు ఎక్కడుంటారండీ?"